సాయం డబ్బుతో లోన్ తీర్చేయమంటారా?

ప్రశ్న: పక్కనున్న ఫ్యాక్టరీ నుంచి రసాయనాలు లీకై మా బోరు నీళ్లు పాడయ్యాయి, మావారికి పని కూడా పోయింది. కాలనీ సంఘం విరాళాలు పోగుచేసి మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా ఇస్తోంది. ఇంకో ట్రస్టు అంతకంటే ఎక్కువ ఇస్తానంటోంది గానీ ఏదో కాగితం మీద సంతకం అడుగుతోంది. ఈ డబ్బుతో పర్సనల్ లోన్ తీర్చేయమంటారా? ఇది తీసుకుంటే రేపు వచ్చే నష్టపరిహారంలో కోత పడుతుందా?

జవాబు: లోన్ ఇప్పుడే తీర్చకండి. వడ్డీ భారం నిజమే, కానీ ఇంట్లోకి జీతం రాని రోజుల్లో చేతిలో డబ్బు ఖాళీ చేసుకుంటే వచ్చే నెల మందులకి మళ్లీ అప్పే చేయాలి, అదీ ఇంకా ఎక్కువ వడ్డీకి. బ్యాంకుకి వెళ్లి జరిగింది రాతపూర్వకంగా చెప్పి ఈఎంఐ కొన్నాళ్లు వాయిదా వేయమని అడగండి, ఆ గడువులో కూడా వడ్డీ పెరుగుతూనే ఉంటుందన్నది మాత్రం గుర్తుంచుకోండి. ఇంకోటి, సాయం డబ్బు ఈఎంఐ కట్ అయ్యే ఖాతాలో వేయించుకోవద్దు. పడిన రోజే పోతుంది.

సంఘం ఇచ్చేది మొహమాటపడకుండా తీసుకోండి. ఊరివాళ్లు మీకోసం ఇచ్చిన విరాళం నష్టం చేసినవాడి బాకీ తగ్గించడానికి కాదు కదా, చాలా దేశాల్లో కోర్టులు కూడా దాన్ని పరిహారంలోంచి మినహాయించవు. అదే డబ్బు ఫ్యాక్టరీ యాజమాన్యం నుంచి వస్తే లెక్క మారొచ్చు. కాబట్టి ఆ ట్రస్టుకి డబ్బు ఎవరిస్తున్నారో, ఇది ఉచితమా లేక పరిహారం వచ్చాక తిరిగి కట్టాలా, ముందు అడగండి.

నన్ను భయపెడుతున్నది ఆ సంతకమే. జపాన్‌లోని మినమాటాలో చిస్సో కంపెనీ వదిలిన పాదరసం చేపల ద్వారా జనం ఒంట్లోకి చేరింది. 1959 డిసెంబరులో ఆ కంపెనీ బాధితులకు 'పరామర్శ డబ్బు' ఇస్తామంది, రోగానికి కారణం మా ఫ్యాక్టరీయే అని తేలినా ఇక మీరు పరిహారం అడగకూడదని అదే ఒప్పందంలో రాయించుకుంది. పిల్లి మీద చేసిన ప్రయోగంలో కారణం ఏమిటో అప్పటికే కంపెనీ డాక్టరుకి తెలిసిపోయింది! ఆ ఒప్పందం చెల్లదని 1973లో కుమమోటో జిల్లా కోర్టు తేల్చేవరకు, అంటే పదమూడేళ్లకు పైగా, అది జనం మెడకి చుట్టుకునే ఉంది. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు లీకైనప్పుడు కూడా ఇలాంటిదే జరిగింది, అత్యవసర చెల్లింపులకు షరతు పెట్టలేదు గానీ తర్వాత ఒక్కో మనిషికి 5,000 డాలర్ల 'త్వరిత చెల్లింపు' తీసుకోవాలంటే ఇక కోర్టుకి వెళ్లనని సంతకం పెట్టాలి. ఇల్లు గడవనివాళ్లకి ఆగే ఓపిక ఎక్కడిది, చాలామంది పెట్టేశారు.

కాబట్టి ఆ కాగితంలో 'పూర్తి, తుది పరిష్కారం', 'ఇకపై ఎలాంటి క్లెయిమ్ చేయను' లాంటి మాటలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఎంత ఇస్తామన్నా వద్దనండి, విషం వల్ల వచ్చే జబ్బులు ఏళ్ల తర్వాత కూడా బయటపడతాయి. డబ్బు ముట్టినట్టు రసీదు మాత్రమే అయితే నిశ్చింతగా సంతకం పెట్టి ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

ఈ మూడు నెలల డబ్బులో మొదటి ఖర్చు తాగునీళ్లు, రెండోది ఇంటిల్లిపాదికీ రక్త పరీక్షలు. ఇప్పటి రిపోర్టు లేకపోతే రేపు జబ్బు చేసినప్పుడు 'ఇది మీకు ముందే ఉంది' అనేస్తారు. నీళ్ల ట్యాంకరు బిల్లు, ఆసుపత్రి బిల్లు, మీవారి పాత జీతం స్లిప్పులు, పాడైన బోరు ఫొటోలు, అన్నీ తేదీలతో ఒక ఫైల్లో పెట్టండి, ఒక సెట్ మీ చుట్టాలింట్లో ఉంచితే ఇంకా మంచిది.

ట్రస్టువాళ్లు 'ఈరోజే సంతకం పెట్టాలి, రేపైతే ఇవ్వం' అంటే మాత్రం కాగితం ఫొటో తీసుకుని ఇంటికొచ్చేయండి. ఉచిత న్యాయ సహాయం ఇచ్చే లాయరు ఎవరైనా దాన్ని పది నిమిషాల్లో చదివి చెప్పేస్తారు.