కూచున్న టైము వేరుగా కొలువమ్మలూ

అమ్మలూ,

పెద్దవాళ్లు రోజూ ఎంత కదులుతారు, ఎంతసేపు కూచుంటారు అని కొలిచే నీ ప్రాజెక్టు కాగితాలు చదివాను, కష్టపడ్డావు గానీ మొదటి ప్రశ్నే "రోజూ ఎంతసేపు వ్యాయామం చేస్తారు" అని పెట్టావేటి, పొందూరులో డెబ్భై దాటిన మామ్మని అలా అడిగితే నాకు వ్యాయామమేటి తల్లీ అంటాది, నువ్వు సున్నా రాసేస్తావు, ఆవిడేమో పొద్దున్నే కళ్లాపి జల్లి నీళ్లు మోసి మనవల్ని చూసుకుంటాది, అదంతా లెక్కలోకి రావాలి కదా. పెద్దవాళ్ల కోసమే చేసిన పేస్ ప్రశ్నాపత్రం చూడు, గడిచిన 7 రోజుల ఇంటిపని, తోటపని కూడా అడుగుతాది.

కూర్చోడం మాత్రం దీంతో కలపకు. డబ్ల్యూహెచ్ఓ 2020లో చెప్పిన వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం పొద్దున్న నడకతో పూర్తి చేసేసి, మిగతా రోజంతా టీవీ ముందు గడిపేవాళ్లు బోలెడుమంది. "ఎన్ని గంటలు కూచుంటారు" అంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు, తక్కువే చెప్తారు. టీ తాగాక ఏం చేశారు, భోజనమయ్యాక ఎక్కడున్నారు, సీరియల్ ఎంతసేపు, అరుగు మీద ఎంతసేపు అని రోజుని ముక్కలు చేసి అడుగు.

కదలికలు కొలిచే మిషను పెట్టేటప్పుడు చేతికి కట్టే వాచీ ఒక్కటే నమ్ముకోకు. రాట్నం వడికే ఆవిడా, పలాసలో జీడిపప్పు వొలిచే ఆవిడా కూచునే ఉంటారు కానీ చెయ్యి ఆగదు, వాచీ దాన్ని కదలికలో వేసేస్తాది. తొడకి అంటించే యాక్టివ్‌పాల్ లాంటిదైతే కూచున్నదీ నించున్నదీ విడదీస్తాది, కాకపోతే మనవాళ్లు గొంతుక్కూచుని చేసే పనిని కూడా కుర్చీలో కూచున్నట్టే చూపిస్తాది, కాళ్లకి అది ఎంత పనో నీకు తెలుసు కదా, అందుకని పక్కనే డైరీలో రాయించు. మధ్యాన్నం కునుకు కూడా రాయించు, నిద్ర కూచున్న టైములో కలవకూడదు.

మిషను 7 రోజులు ఉంచు, మెలకువలో కనీసం 10 గంటలు పెట్టుకున్న రోజులు నాలుగన్నా దొరకాలి. సంక్రాంతి వారంలో వద్దు, ఊడ్పులప్పుడు తీస్తే కోతలయ్యాక ఖాళీగా ఉన్నప్పుడు మళ్లీ తియ్యి, పల్లెల్లో ఒక్క వారం చూసి ఏడాది చెప్పలేం.

తొడ మీద టేపంటే ఆడవాళ్లు సిగ్గుపడతారు, నువ్వే లోపలికెళ్లి అంటించు, ఇందులో కెమెరా లేదు మాటలు వినదు అని ముందే చెప్పు. వేసంకాలం చెమటకి దురదొస్తే వెంటనే పీకేయమను, నీ ఫోన్ నంబరు పెద్దక్షరాలతో రాసిచ్చిరా.

మీ పెద్దమ్మ