లేజర్ ఎలక్ట్రానిక్స్‌లో డబ్బు ఎక్కడ పెట్టాలంటే

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

రుబీడియం స్పెక్ట్రోస్కోపీ (రుబీడియం పరమాణువులు ఏ కాంతిని పీల్చుకుంటాయో లేజర్‌తో చూసే) సెటప్‌కి కావలసిన ఎలక్ట్రానిక్స్ అంతా నువ్వే కట్టుకుంటానని రాశావు, చాలా సంతోషం. డబ్బు తక్కువని దిగులు పడకు. ఉన్నదాన్ని అన్ని బోర్డులకూ సమానంగా పంచకుండా ఉంటే చాలు.

ముందు ఈ లెక్క చూడు. 780 నానోమీటర్ల దగ్గర రుబీడియం గీత (అది కాంతిని పీల్చుకునే సన్నని ఫ్రీక్వెన్సీ పట్టీ) సహజ వెడల్పు సుమారు 6 మెగాహెర్ట్జ్. మామూలు లేజర్ డయోడ్‌లో కరెంట్ ఒక మిల్లీఆంపియర్ మారితే ఫ్రీక్వెన్సీ ఇంచుమించు 3 గిగాహెర్ట్జ్ జరుగుతుంది. అంటే ఒక్క మైక్రోఆంపియర్ ఊగినా గీతలో సగం దాకా పోతుంది. అందుకే లేజర్‌కి కరెంట్ ఇచ్చే డ్రైవర్‌లో రెండు వస్తువుల దగ్గర పొదుపు పనికిరాదు. ఒకటి కరెంట్‌ని కొలిచే సెన్స్ రెసిస్టర్, రెండోది వోల్టేజ్ రిఫరెన్స్, అంటే మారని వోల్టేజ్ ఇచ్చే చిప్. ఆ రెసిస్టర్ తన వేడికి తానే విలువ మార్చుకుంటే లేజర్ దాని వెంటే పోతుంది. టెంపరేచర్ కోఎఫిషియెంట్ (వేడికి విలువ మారే రేటు) తక్కువగా ఉన్నది, అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ వాటేజ్ తట్టుకునేది కొను. సర్క్యూట్ కొత్తగా కనిపెట్టే పని లేదు. 1993లో లిబ్రెక్ట్, హాల్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు ప్రచురించినదాన్నే ఇప్పటికీ ఎన్నో ల్యాబ్‌లు మార్చుకుని వాడుకుంటున్నాయి.

డబ్బాలు, డిస్‌ప్లేలు, నాబ్‌లు ఎంత చౌకవైనా ఫరవాలేదు.

టెంపరేచర్ కంట్రోల్‌కి 10 కిలో ఓమ్‌ల థర్మిస్టర్ (వేడిని కొలిచే రెసిస్టర్), ఒక పెల్టియర్ (కరెంట్‌తో చల్లబరిచే, వేడిచేసే పలక), సాధారణ ఆప్-ఆంప్‌లు (యాంప్లిఫయర్ చిప్‌లు) చాలు. ఆ లూప్ నెమ్మదిగా నడిచేది కాబట్టి వేగం అక్కర్లేదు. థర్మిస్టర్ మాత్రం డయోడ్‌కి వీలైనంత దగ్గరగా ఉండాలి.

ఫోటోడయోడ్ (కాంతిని కరెంట్‌గా మార్చే డిటెక్టర్) యాంప్లిఫయర్ విషయంలో చాలామంది అనవసరంగా ఖరీదైన చిప్ కొంటారు. ఆ కరెంట్‌ని వోల్టేజ్‌గా మార్చే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ మీద డీసీ వోల్టేజ్ 50 మిల్లీవోల్ట్‌లు దాటితే, ఆ రెసిస్టర్ సొంత నాయిస్ కన్నా కాంతి షాట్ నాయిస్ (కాంతి కణాలు అటూ ఇటూగా రావడం వల్ల తప్పనిసరిగా ఉండే ఊగులాట) పెద్దదవుతుంది. అక్కడి నుంచి రెసిస్టర్‌ని ఎంత మెరుగుపరచినా పెద్దగా ఒరిగేది లేదు. డిటెక్టర్ మీద కాంతి సరిపడా పడుతోందో లేదో ముందు చూసుకో, చిప్ సంగతి తర్వాత. ఆ రెసిస్టర్‌కి సమాంతరంగా చిన్న కెపాసిటర్ పెట్టడం మరవకు, లేకపోతే ఆసిలేషన్ మొదలవుతుంది.

లేజర్ ఫ్రీక్వెన్సీని స్కాన్ చేయడానికి మైక్రోకంట్రోలర్ బోర్డు మంచి ఎంపికే. కానీ 12 బిట్ల డీఏసీతో (అంకెల్ని వోల్టేజ్‌గా మార్చే చిప్‌తో) 10 గిగాహెర్ట్జ్ స్కాన్ చేస్తే ఒక్కో మెట్టు దాదాపు రెండున్నర మెగాహెర్ట్జ్ వస్తుంది. 6 మెగాహెర్ట్జ్ గీత మీద పడేవి రెండు మూడు చుక్కలే. 16 బిట్లది తీసుకో. డిజిటల్ గ్రౌండ్‌ని లేజర్ గ్రౌండ్‌తో ఒకే ఒక్క చోట కలుపు. సిగ్నల్‌లో హమ్ (కరెంటు లైన్ నుంచి వచ్చే ఊపు) కనిపిస్తే ఫోటోడయోడ్ ప్రీయాంప్లిఫయర్‌ని కాసేపు బ్యాటరీ మీద నడిపి చూడు. హమ్ మాయమైతే లోపం పవర్ సప్లై వైపో, గ్రౌండ్ తీగల్లోనో ఉన్నట్టు.

డ్రైవర్ పూర్తయిందని సంబరపడి లేజర్‌ని వెంటనే తగిలించకు. దాని స్థానంలో మూడు మామూలు సిలికాన్ డయోడ్‌లు, 1 ఓమ్ విలువ రెసిస్టర్ ఒకటి సిరీస్‌లో పెట్టి, స్విచ్ వేసినప్పుడూ తీసినప్పుడూ కరెంట్ ఎలా ఎగురుతోందో ఆసిల్లోస్కోప్‌లో చూడు. లేజర్ డయోడ్ క్షణకాలపు స్పైక్‌కే చచ్చిపోతుంది, రివర్స్ వోల్టేజ్‌ని అసలు ఓర్చుకోదు. దానికి అడ్డంగా ఎదురు దిశలో ఒక షాట్కీ డయోడ్ పెట్టు. 780 నానోమీటర్ల కాంతి కంటికి మసక ఎరుపుగానే కనిపిస్తుంది, అసలు పవర్ అంతకంటే ఎంతో ఎక్కువ. ఆ వేవ్‌లెంగ్త్‌కి తగిన కళ్ళజోడు లేకుండా బీమ్ అలైన్ చేయవద్దు తల్లీ.

బోర్డు లేఅవుట్ గీశాక నాకు పంపు. గ్రౌండ్ తీగలు ఎలా వేశావో చూసి చెబుతాను.