పడుకునే ముందు మూరెడు దారం

ఆగస్టులో అమెరికా వచ్చే పిల్లలు రూమ్ అద్దె గురించి అడుగుతారు, కారు గురించి అడుగుతారు. పళ్ళ గురించి ఎవరూ అడగరు. 2009లో నేనూ అడగలేదు. మెడికల్ ఇన్సూరెన్స్ ఉంది కదా, పన్ను నొప్పీ అందులోకే వస్తుందనుకున్నాను. రాదు. డెంటల్ ప్లాన్ మామూలుగా వేరే తీసుకోవాలి. దానికీ ఏడాదికి ఇంతే ఇస్తామని పరిమితి. చాలా ప్లాన్లలో వెయ్యి నుంచి రెండు వేల డాలర్ల లోపే. ఒక్క రూట్ కెనాల్, దాని మీద క్రౌన్ అనే తొడుగుతో నా పరిమితి అయిపోయింది. మిగతాది ఆరు నెలలు వాయిదాల్లో కట్టాను.

ఆ రోజు డెంటిస్ట్ కుర్చీలో విన్న అంకెలు ఇప్పటికీ గుర్తే. హైజీనిస్ట్, అంటే పళ్ళు శుభ్రం చేసే ఆవిడ, సన్నటి పుల్లలాంటి కొలబద్దని చిగురు కిందికి దింపుతూ రెండు, మూడు, రెండు అని చదువుతోంది. వెనక దవడ దగ్గర ఐదు, ఆరు అంది. పంటికీ చిగురుకీ మధ్య లోతు అది, మిల్లీమీటర్లలో. మూడు దాకా ఫర్వాలేదు, నాలుగు నుంచి జాగ్రత్త పడాలి. రోజూ పొద్దున్నే తోమేవాణ్ణి, ముందు పళ్ళు తళతళలాడుతున్నాయి. పాడైందంతా బ్రష్ వెళ్ళని సందుల్లోనే.

పాచి మెత్తగా ఉన్నప్పుడే తీసేయాలి. గార కట్టాక మనం ఎంత తోమినా పోదు, క్లినిక్‌లో గీకించుకోవాల్సిందే. అందుకే ఫ్లాస్, అంటే పళ్ళ సందులు శుభ్రం చేసే సన్నటి దారం. మూరెడు దారం తెంపి రెండు చివర్లూ నడివేళ్ళకి చుట్టండి, మధ్యలో అంగుళం మేర బిగించి పట్టుకోండి. సందులోకి ఒక్కసారిగా గుచ్చొద్దు. అటూ ఇటూ ఆడిస్తూ మెల్లగా దింపి, పంటిని చుట్టుకునేలా వంచి, చిగురు అంచు కింద నుంచి పైకి రుద్దండి. పక్క పంటికీ అంతే. మొదట్లో రక్తం కనబడొచ్చు. అది చూసి మానేసేవాళ్ళే ఎక్కువ, దయచేసి మానకండి. రెండు వారాలైనా ఆగకపోతే చూపించుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త: చిగుళ్ళ జబ్బు, షుగర్ ఒకదాన్నొకటి పెంచుతాయి.

పొద్దున తోమడం మనలో ఎవరూ మానరు, రాత్రే బద్ధకం. నిద్రలో నోట్లో లాలాజలం తగ్గిపోతుంది, పన్ను పుచ్చడానికి అదే అదను. ఫ్లోరైడ్ పేస్ట్‌తో రెండు నిమిషాలు తోమి ఉమ్మేయండి, వెంటనే నీళ్ళు పోసి పుక్కిలించకండి. నల్గొండ నుంచి వచ్చిన ఒక చెల్లెలు ఫ్లోరైడ్ మాట వింటేనే వద్దంది. ఆ భయం ఊరికే రాలేదు. కానీ అక్కడ ఎముకలు వంచింది ఏళ్ళ తరబడి నీళ్ళతో తాగిన, మోతాదు మించిన ఫ్లోరైడమ్మా. పేస్ట్ మనం మింగం కదా.

ప్లాన్ ఉంటే ఏడాదికి రెండు క్లీనింగులు చాలావాటిలో ఉచితం, వదులుకోవద్దు. ప్లాన్ లేని స్టూడెంట్లు దగ్గర్లో డెంటల్ కాలేజీ ఉన్న యూనివర్సిటీ ఏదో చూసుకోండి. వాళ్ళ క్లినిక్‌లో తక్కువకి చేస్తారు. టైమ్ ఎక్కువ పడుతుంది, సగం రోజు ఖాళీ పెట్టుకుని వెళ్ళండి.