చేసిన పని చెప్పుకోవడం ఆత్మస్తుతి కాదు

ఉద్యోగం లేకుండా రాతనే నమ్ముకున్నవారి నుంచి ఇటీవల చాలా ఉత్తరాలు అందాయి. వాటిలో మూడింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. మొదటిది చాలామంది మనసులోని ప్రశ్న కాబట్టి దానికి ఎక్కువ చోటు తీసుకున్నాను.

ప్రశ్న: ఏడేళ్లు ఒక ప్రైవేటు పాఠశాలలో జీవశాస్త్రం బోధించాను. మూడేళ్ల క్రితం ఉద్యోగం మానేసి ఫ్రీలాన్స్ రచయిత్రిగా స్థిరపడాలని నిర్ణయించుకున్నాను. పది పన్నెండు కథలు అచ్చయ్యాయి. ఆరోగ్య వ్యాసాలు, అనువాదాలు దొరికినప్పుడు చేస్తున్నాను. నాకన్నా తక్కువ రాసినవారిని పని వెతుక్కుంటూ వస్తోంది, నాకేమో నెలల తరబడి ఒక్క ఫోనూ రాదు. నా గురించి నేనే చెప్పుకోవాలని స్నేహితులు అంటున్నారు. ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానమని వింటూ పెరిగినదాన్ని. ఫేస్‌బుక్‌లో నా కథ గురించి నాలుగు వాక్యాలు రాయబోతే చేయి ఆగిపోతోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీరు విన్న మాటకు మూలం మహాభారతంలోని కర్ణపర్వంలో ఉంది. గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవారిని చంపుతానన్న ప్రతిజ్ఞ వల్ల, ధర్మరాజే ఆ మాట అనడంతో చిక్కులో పడిన అర్జునుడు, కృష్ణుడి సలహా మీద ధర్మరాజును చంపడానికి బదులు మాటలతో అవమానించి, ఆ తర్వాత పశ్చాత్తాపంతో తన ప్రాణమే తీసుకోబోతాడు. నిన్ను నువ్వు పొగుడుకో, అదే చావుతో సమానమని అప్పుడు కృష్ణుడు మరో దారి చూపుతాడు. అర్జునుడు చెప్పుకున్నది తనంతటి విలుకాడు లోకంలో లేడని. అంటే తనను ఇతరులతో తూచి, తన పళ్లెమే బరువని ప్రకటించుకోవడం.

మన సాహిత్యంలోనే ఇంకో ఉదాహరణ ఉంది, దాన్ని కూడా చూడండి. శ్రీనాథుడు కాశీఖండం అవతారికలో, అంటే పీఠికలో, తన రచనల జాబితాను ఒక్క పద్యంలో ఇచ్చాడు. పసితనంలో మరుత్తరాట్చరిత్ర, నూనూగు మీసాల వయసులో శాలివాహన సప్తశతి, నిండు యౌవనంలో నైషధం, వయసు పండాక భీమఖండం, ఇప్పుడీ కాశీఖండం అని వరుసగా చెప్పాడు. ఏ వయసులో ఏం రాశాడో అందులో ఉంది. చదివినవారికి ఆయన అనుభవం ఎంతటిదో వారికి వారే తెలుసుకునే వీలుంది. శ్రీనాథుడు ఇతర చోట్ల తన గొప్ప కూడా బాగానే చెప్పుకున్నాడు, అది వేరే సంగతి. మీకు కావలసింది ఈ ఒక్క పద్యం వంటిది.

మీరు ఉత్తరంతో పంపిన పరిచయ పత్రంలో ‘ప్రముఖ కథా రచయిత్రి, అనువాదకురాలు, కాలమిస్టు’ అని ఉంది. సంకోచం గురించి ఇంత నిజాయితీగా రాసిన మీరు ‘ప్రముఖ’ అన్న మాటను ఎలా రానిచ్చారో నాకు అర్థం కాలేదు. ఆ మాట చూసి ఎవరూ పని ఇవ్వరు. దానికి బదులు, ఏడేళ్లు జీవశాస్త్రం బోధించానని, వైద్య విషయాలను ఇంగ్లీషు నుంచి సామాన్యులకు అర్థమయ్యే తెలుగులోకి తేగలనని, ఇంతవరకు ఫలానా అంశాల మీద ఇన్ని వ్యాసాలు వచ్చాయని మూడు వాక్యాలు రాసి, వాటికింద మీ మంచి రచనలు మూడు జతచేయండి. తెలుగులో కథలు రాసేవారు చాలామంది ఉన్నారు. మందుల గురించి, వ్యాధుల గురించి తప్పు లేకుండా, జటిలం కాకుండా రాయగలిగినవారు తక్కువ. ఆసుపత్రులకూ, స్వచ్ఛంద సంస్థలకూ, పాఠ్యాంశాలు తయారుచేసే కంపెనీలకూ అలాంటివారు కావాలి. కథ మీ మనసుకు దగ్గరిదని ఉత్తరం చదివితే తెలుస్తోంది. దాన్ని వదలమని నేను అనను. కానీ మీ ఇల్లు గడవడానికి దారి చూపే పని మీ పాత ఉద్యోగంలోనే ఉంది, దాన్ని మీరు పరిచయ పత్రంలో చివరి వరుసలో దాచిపెట్టారు.

ఇక వెతికేవారికి దొరకడం సంగతి. మన రచయితల్లో చాలామంది పత్రికలో అచ్చయిన పేజీని ఫొటో తీసి పెడతారు. ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసినదాన్ని బొమ్మగా మార్చి పెట్టేవారూ ఉన్నారు. అభినందనలు వస్తాయి, రెండు రోజుల తర్వాత అది ఎవరికీ కనిపించదు. ‘మధుమేహం తెలుగు వ్యాసాలు’ అని గూగుల్‌లో వెతికే సంపాదకుడికి బొమ్మలోని అక్షరాలు దొరకడం కష్టం. పత్రికతో మాట్లాడుకున్న షరతులు అనుమతిస్తే, అదే వ్యాసాన్ని యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లోనైనా చదవడానికీ వెతకడానికీ వీలైన అక్షరాల్లో, మీ పేరుతో ఒక స్థిరమైన చోట ఉంచండి. మీ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు కూడా అన్ని చోట్లా ఒకే తీరులో రాయండి. ‘లక్ష్మి’ అన్న ఒక్క పేరునే నాలుగు రకాల స్పెల్లింగులతో రాస్తే నలుగురు మనుషులవుతారు. మీ రచనలన్నిటికీ మీ దగ్గర ఒక ప్రతి ఉండాలి. నేను రెండేళ్లపాటు రాసిన ఒక వెబ్‌సైటును దాని యాజమాన్యం చెప్పాపెట్టకుండా మూసివేసింది. ఆ వ్యాసాల్లో సగం ఈనాటికీ నా దగ్గర లేవు, ఆ బాధ ఇంకా పోలేదు. మీ కథల విషయంలో మరొక మాట. కథా రచయిత కాళీపట్నం రామారావు గారు శ్రీకాకుళంలో 1997లో స్థాపించిన కథానిలయం తెలుగు కథలను సేకరించి భద్రపరుస్తుంది. మీ కథల ప్రతులు అక్కడికి కూడా చేరేలా చూడండి.

కొత్తవారిని వెతకడం కన్నా పాతవారికి గుర్తుచేయడం వల్ల నాకు ఎక్కువ పని దొరికింది. గతంలో మీతో రాయించుకున్న అయిదారుగురికి, మూడు నాలుగు నెలలకొకసారి, ఇటీవల ఏం చేశారో, ఇప్పుడు మీకు ఖాళీ ఉందో లేదో రెండు వాక్యాల్లో తెలియజేయండి. ఉగాది, దీపావళి ప్రత్యేక సంచికలకు పత్రికలు చాలా ముందే రచనలు ఎంచుకుంటాయి కాబట్టి పండుగ దగ్గరపడ్డాక పంపినది ఎంత మంచిదైనా చోటు దొరకకపోవచ్చు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. సంపాదకుడు అమ్మకన్నా తీరిక లేని మనిషి.

ప్రశ్న: ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువదిస్తాను. మాటకు ఇంత అని ధర అడుగుతున్నారు. ఎలా చెప్పాలి? ఒక కంపెనీ నాకు ఇవ్వవలసిన డబ్బును అయిదు నెలలుగా ఆపింది. గట్టిగా అడిగితే మళ్లీ పని రాదేమోనని భయం.
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ధరను మూలంలోని ఇంగ్లీషు మాటల లెక్కన చెప్పండి. తెలుగులో ప్రత్యయాలూ సహాయక క్రియలూ మాటలోనే కలిసిపోతాయి. ఇంగ్లీషులో అయిదారు మాటలు పట్టే భావం ‘రాలేనంటోంది’ అన్న ఒక్క మాటలో ఇమిడిపోతుంది. తెలుగు మాటలు లెక్కపెట్టి డబ్బు తీసుకుంటే, ఎంత చక్కని తెలుగు రాస్తే అంత నష్టపోతారు. మొదటి పనికే చాలా తక్కువకు ఒప్పుకుని తర్వాత పెంచుదామనుకోవడం కూడా సాధారణంగా ఫలించదు. తగ్గించాలనుకుంటే అసలు ధర ఇంత, ఈ ఒక్కసారికి ఇంత తగ్గిస్తున్నానని కొటేషన్‌లోనే రాయండి.

బకాయిల విషయంలో చట్టం అండ పొందే వీలుంది. చిన్న సంస్థల నమోదుకోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్, పాన్‌లతో ఉచితంగా నమోదు చేసుకుంటే మీరు సూక్ష్మ సంస్థ కిందికి వస్తారు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, పని చేయించుకున్నవారు 45 రోజులకు మించి చెల్లింపు ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలి. వివాదాన్ని, ఇలాంటి బకాయిల తగవులు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు తీసుకువెళ్లవచ్చు. అయితే పని ఒప్పుకునేనాటికే నమోదై ఉంటేనే ఈ రక్షణ మీద పేచీ ఉండదు కాబట్టి, పాత బకాయికి కాకపోయినా ఇక ముందు పనులకోసం ఈ వారమే నమోదు చేసుకోండి. పాత బకాయికి ఇన్వాయిస్ నంబరు, తేదీ పేర్కొంటూ మర్యాదగా ఒక ఈమెయిల్ పంపి, ఫలానా తేదీలోగా చెల్లించమని కోరండి. అయిదు నెలలు డబ్బు ఎగ్గొట్టినవారి నుంచి మళ్లీ పని రాకపోవడం నష్టమని నేను అనుకోను.

ఏడాదిలో ఒకే సంస్థ నుంచి 50,000 రూపాయలకు మించి వృత్తి రుసుము వస్తే 10 శాతం టీడీఎస్ (చెల్లించేవారే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయిస్తారు. దాన్ని డబ్బు తగ్గించడంగా భావించి గొడవపడకండి. మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్ను దాఖలు చేసి వెనక్కి తీసుకోవచ్చు.

ప్రశ్న: బెంగళూరులో ఉంటూ తెలుగు ప్రకటనలకూ, కొందరు ప్రముఖుల ప్రసంగాలకూ రాసిపెడతాను. ఎక్కడా నా పేరు ఉండదు. కొత్తవారికి నా పనిని ఎలా చూపించాలి? వీటి మీద నాకు హక్కు ఏమైనా ఉంటుందా?
– ఒక పాఠకుడు

జవాబు: 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగిగా కాక స్వతంత్రంగా రాసిన రచనకు సాధారణంగా మొదటి హక్కుదారు రచయితే. బహిరంగంగా ఇచ్చే ప్రసంగాలకూ, ప్రభుత్వం కోసం రాసేవాటికీ నియమాలు వేరు. హక్కును బదిలీ చేయాలంటే మీ సంతకంతో కాగితం ఉండాలి. అందులో గడువు రాయకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. అందుచేత సంతకం పెట్టే ముందు ‘శాశ్వతంగా’, ‘ప్రపంచవ్యాప్తంగా’ అన్న మాటలు ఎక్కడున్నాయో చూసి, వాటికి తగిన ధర అడగండి.

ఇక చూపించే విషయం. ప్రసంగాలను చూపవద్దు. గోప్యత షరతు మీద సంతకం చేయకపోయినా, మాట్లాడిన మనిషి మీ మీద పెట్టుకున్న నమ్మకం అది, అలాంటి నమ్మకం వల్లే మీకు తర్వాతి పని వస్తుంది. ప్రకటనల విషయంలో, ప్రచారం ముగిశాక వాటిని నమూనాగా చూపుకునే అనుమతిని ఒప్పందంలోనే ఒక వాక్యంగా చేర్చమని ముందే అడగండి. నేను అడిగిన చాలాసార్లు అభ్యంతరం రాలేదు. ఈలోగా ఎవరూ అడగకపోయినా మీ అంతట మీరే రెండు ఊహాత్మక ప్రకటనలు, ఒక చిన్న ప్రసంగం రాసి, అవి నమూనాలని స్పష్టంగా పేర్కొంటూ మీ పేరుతో సిద్ధంగా ఉంచుకోండి.