అండలూసియాలో వారం రోజులకి కారు అద్దెకి తీసుకోవాలా?

కారు గురించి అడిగారు గానీ, స్పెయిన్ దక్షిణాన ఉన్న ఈ ప్రాంతంలో కోర్డోబా, సెవిల్, గ్రనాడా, రోండా ఒకే వారంలో చూడాలంటే ముందు తేల్చుకోవాల్సింది గ్రనాడాలోని ఆల్హంబ్రా (పాత రాజుల కోట, భవనాలు, తోటల సముదాయం) టికెట్ సంగతి. అది ఏ రోజుకి దొరికితే మిగతా ఊళ్లు దాని చుట్టూ సర్దుకోవాలి. విమానం, హోటళ్లు అన్నీ అయ్యాక వెతికితే తోటలు, కోట మాత్రమే చూపించే చవక టికెట్ మిగులుతుంది. ఆల్హంబ్రాలో అసలు చూడాల్సిన నస్రీద్ రాజభవనాలు అందులో ఉండవు. పన్నెండు సింహాల ప్రాంగణం చూడనప్పుడు గ్రనాడా దాకా వెళ్లడం దేనికి? అవి కూడా చూపించే జనరల్ టికెట్టే కొనండి.

దాని మీద నస్రీద్‌లోకి వెళ్లాల్సిన సమయం ఉంటుంది. అరగంట గడువు, దాటితే బతిమాలినా లాభం లేదు. లోపలికి వెళ్లాక మాత్రం ఎంతసేపైనా ఉండొచ్చు. చాలామంది దెబ్బతినేది నడక దగ్గర: టికెట్ కౌంటర్లున్న పెద్ద గేటు నుంచి నస్రీద్ గుమ్మం పావుగంట పైనే. టికెట్ ముందే చేతిలో ఉంటే ప్యుయెర్తా దె లా హుస్తీసియా అనే పాత కోట ద్వారం నుంచి వెళ్లండి, బాగా దగ్గర.

మనవాళ్లకి ఇంకో చిక్కుంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, అలవాటుకొద్దీ టికెట్ కొనేటప్పుడు దాని మొదటి అక్షరం ఒక్కటే టైప్ చేస్తాం. పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టు కొట్టండి. వెళ్లేటప్పుడు అసలు పాస్‌పోర్టే పట్టుకెళ్లండి, జిరాక్స్ పనికిరాదు. పిల్లలకి ఉచితమైనా విడిగా టికెట్ తీయాల్సిందే.

ఇక కారు. మాడ్రిడ్ నుంచి కోర్డోబా రైల్లో గంటా ముప్పావు, అక్కణ్ణుంచి సెవిల్ ముప్పావు గంట. సెవిల్ నుంచి గ్రనాడాకి బస్సులో మూడు గంటలు. ఈ ఊళ్లలో కారు శుద్ధ దండగ. గ్రనాడా నడిబొడ్డున అనుమతి లేని కార్లకి కెమెరాలు నంబరు ప్లేటు చూసి జరిమానా వేస్తాయి, హోటల్‌వాళ్లు మీ నంబరు ముందే నమోదు చేయిస్తే తప్ప.

రోండా, సెతెనిల్, గ్రజలేమా లాంటి తెల్ల సున్నపు ఊళ్లకి మాత్రం రెండు రోజులు కారు తీసుకోండి. సెవిల్‌లో తీసుకుని అక్కడే అప్పగించండి, వేరే ఊళ్లో వదిలితే అదనపు బాదుడు. ఆటోమేటిక్ అని ముందే చెప్పకపోతే గేర్ల బండి ఇస్తారు. స్టీరింగ్ ఎడమవైపు, గేరు కుడిచేత్తో. ఇండియా లైసెన్స్‌తో పాటు ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా ఉండాలి.

టూరు బస్సులవాళ్లు మధ్యాహ్నం రోండాలో దించి, వంతెన మీద ఫోటో తీయించి ఎక్కించేస్తారు. అదేం చూడటం? 1793లో పూర్తయిన ఆ వంతెన ఎత్తు 98 మీటర్లు. పైన నిలబడితే అది కనబడదు, లోయలోకి దిగే కాలిబాట పట్టాలి. ఒక రాత్రి అక్కడే ఉండండి.

జులై, ఆగస్టుల్లో సెవిల్ నలభై డిగ్రీలు దాటుతుంది, మన రెంటచింతల ఎండే. ఏప్రిల్, మే, అక్టోబరు మేలు. గ్రజలేమాకి మాత్రం గొడుగు పట్టుకెళ్లండి, స్పెయిన్‌లో బాగా వానలు పడే ఊళ్లలో అదొకటి.

తిండి విషయంలో శాకాహారం అని ఊరుకుంటే చాలదు. సాల్మొరెహో అనే చల్లటి టమాటా సూప్ మీద పంది మాంసం తునకలు, గుడ్డు చల్లి తెస్తారు. "సిన్ హమోన్, సిన్ వేవో" అని విడిగా చెప్పండి. సెవిల్‌లో పాలకూర శనగల కూర, కోర్డోబాలో వంకాయ వేపుడు మనకి సరిపోతాయి. చాలాచోట్ల రాత్రి ఎనిమిదిన్నర దాకా వంటిల్లే తెరవరు, పిల్లలుంటే సాయంత్రానికి ఏదైనా కొని ఉంచుకోండి.