జిమ్మీ చితాభస్మానికి పద్నాలుగున్నర వేల కలశం అవసరమా?

మిర్యాలగూడ నుంచి ఒక ప్రైవేటు స్కూలు టీచరమ్మ రాశారు. పన్నెండేళ్లు పెంచిన కుక్క జిమ్మీ పోయింది. చితాభస్మం ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. ఆన్‌లైన్‌లో చూసిన ఇత్తడి కలశం 14,500 రూపాయలు, క్రెడిట్ కార్డు మీద తొమ్మిది నెలల ‘నో కాస్ట్’ ఈఎంఐ. జీతం 24,000, బ్యాంకులో ఉన్నది 18,000. ఇంట్లో ఆయనేమో దండగ అంటున్నారట.

టీచరమ్మా, దండగ అని నేననను. మా దేవరకొండ ఇంటి కుక్కను చెలక గట్టున వేపచెట్టు కింద పాతిపెట్టాం, పైసా ఖర్చు కాలేదు. అయినా ఆ చెట్టు కొట్టేద్దామంటే మా నాయన ఇప్పటికీ ఒప్పుకోడు. ఎవరి గుర్తు వారిది. నా అభ్యంతరమల్లా ఈఎంఐ మీదే.

నో కాస్ట్ అన్నా వడ్డీ ఉంటుంది. అంతమేరకు ధరలో తగ్గించి చూపిస్తారు, అంతే. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే. అది నాలుగైదు వందలే కావచ్చు. వేసవిలో జీతం ఆలస్యమై కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మాత్రం చాలా కార్డులు నెలకు 3 నుంచి 3.75 శాతం వడ్డీ వేస్తాయి. మీ 18,000 నెల జీతం కూడా కాదు, దాన్ని కదిలించొద్దు.

ఇంకో సంగతి. మీరు పంపిన ఫోటో కింద 200 క్యూబిక్ అంగుళాలు అని ఉంది. అది మనిషి అస్థికలకు చేసే కొలత, దాదాపు 3.3 లీటర్లు. కుక్కకు కిలో బరువుకు 36 మిల్లీలీటర్ల చొప్పున లెక్కేస్తారు. జిమ్మీ 28 కిలోలన్నారు కాబట్టి లీటరు పాత్ర సరిపోతుంది, చేతికి కాస్త ఎక్కువ ఉండాలంటే లీటరుంబావు. మూడింతల ఇత్తడికి డబ్బెందుకు?

అసలు ముందు తేల్చుకోవాల్సింది, ఆ భస్మం చివరికి ఎక్కడుండాలని. ఎప్పటికైనా వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసేచోట కలుపుదామనుకుంటే కుమ్మరి దగ్గర మూతున్న గురిగి చాలు. మట్టి చెమ్మ పీలుస్తుంది, అందుకే భస్మాన్ని ముందు గట్టి కవర్లో కట్టి లోపల పెట్టండి. నీళ్లలో కలిపేటప్పుడు కవరు వెనక్కి తెచ్చేయండి. ఇంట్లోనే ఉండాలంటే బజారులో మూతున్న ఇత్తడి చెంబు కొనండి. కిలో రేటెంత, మజూరీ ఎంత అని విడివిడిగా అడగండి. పెళ్లి సామాన్ల మీద పేర్లు కొట్టేవాళ్లే జిమ్మీ పేరూ కొడతారు.

రెండు, మూడు వేలు దాటొద్దని నా మాట. వచ్చే నెల జీతంలోంచి తీయండి, అప్పటిదాకా డబ్బాలో ఉంటే జిమ్మీకి తక్కువేం కాదు. పేరు మాత్రం కాగితం మీద రాసివ్వండి. ఒకసారి కొట్టాక దుకాణదారు వాపసు తీసుకోడు.