చిట్టికి, ఆ రబ్బరు గాజుల సంగతి

చి.సౌ. చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే వారం స్కూల్ మీటింగులో లేచి, పిల్లలు ఆ రబ్బరు గాజులు వేసుకోకుండా నిషేధించమని అడగబోతున్నావట, మీ అమ్మ చెప్పింది. చుట్టాలొస్తే తలుపు వెనక నక్కే పిల్లవి, డాలస్‌లో అంతమంది ముందు మైకు పట్టుకుంటావంటే ఎంత పొంగిపోయానో! ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

వాట్సాప్‌లో తిరుగుతున్న ఆ గాజు రంగుల అర్థాల లిస్టు మీ అమ్మ నాకూ పంపింది. పసుపు అంటే కౌగిలింత, ఊదా అంటే ముద్దు, నలుపు సంగతి ఇక నేను రాయను. అబ్బాయి ఏ గాజు తెంపితే ఆ పిల్ల దానికి ఒప్పుకోవాలట. ఇది పాత కథే తల్లీ. 2003లో ఫ్లోరిడాలో ఒక ఎలిమెంటరీ స్కూల్ వీటిని నిషేధించిందని వార్తలొచ్చాయి. అప్పుడు మేం న్యూజెర్సీలో ఉన్నాం. మీ అక్క ఆరో క్లాసు, మణికట్టు నుంచి మోచేతి దాకా ఇవే.

ఆ సాయంత్రం అది బ్యాగ్ దించకముందే వంటింట్లో నిలబెట్టి, కొత్తిమీర కాడలు కోసే కత్తెరతో ఒక్కొక్కటే కత్తిరించాను. ముందు నల్లవి. "ఎవడు తెంపాడు, చెప్పు" అన్నాను. "తెంపితే ఏమవుతుంది?" అంది బిత్తరపోయి. చెప్పాను. మొత్తం చెప్పాను, పేపరు ముందు పెట్టుకుని మరీ. పదకొండేళ్ళ పిల్ల ఆ మాటలు మొదట విన్నది స్కూల్లో కాదు, నా నోటి నుంచి.

బారసాల ఫోటోలో దాని చేతులకి దిష్టికి వేసిన నల్లగాజులు చూశావుగా. ఆ ఫోటో ఫ్రెండ్స్‌కి చూపించి, "మాకు పుట్టగానే వేస్తారు" అని గొప్పలు పోయిందట. వాళ్ళూ నల్లవే కొనుక్కున్నారట. ఈ సంగతి కూడా ఫ్రెండ్ వాళ్ళమ్మ చెప్తేనే తెలిసింది. ఆ రోజు నుంచి అది చేతులు కప్పేసుకుని అన్నం తినేది, స్కూల్ కబుర్లు బంద్. హైస్కూల్లో ఒకడు వెంటపడి ఏడిపిస్తుంటే, కౌన్సెలర్ ఫోన్ చేసేదాకా నాకు తెలీదు. నా భయమంతా అదే, గాజులు కాదు.

మా పక్కింటి పెద్దావిడ అప్పుడే నవ్వింది. డెబ్బైల్లో డ్రింకు డబ్బాల మూత రింగులకి కూడా ఇలాంటి అర్థమే చెప్పేవారట. తర్వాత 2009లో ఇంగ్లండ్‌లో మళ్ళీ ఇవే గాజులు, ఇదే గోల. రంగుల లిస్టు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. నేను అడిగిన తల్లుల్లో కళ్ళతో చూసినవాళ్ళు ఒక్కరూ లేరు, అందరూ ఎవరో చెప్పగా విన్నవాళ్ళే.

ప్రిన్సిపాల్‌కి ముందే మెయిల్ పెట్టు. మీటింగుకి మాత్రం వెళ్ళు, నోరు నొక్కుకోకు. కానీ ఆ లిస్టు అక్కడ చదవకు, నాలాంటి తల్లులు ఇంటికెళ్ళి పిల్లలకి అప్పజెప్తారు. ఆడపిల్ల చెయ్యి పట్టుకుని గాజు లాగే పిల్లాడిని ఏం చేస్తారని అడుగు. అంతకంటే ముందు ఇవాళే పాప పక్కన కూర్చుని, "ఈ రంగులన్నీ ఎవరిచ్చారే?" అని మామూలుగా అడుగు. కోపం నీ మొహంలో కనపడిందో, ఇక చెప్పదు.

మొన్న అక్కకి నీ విషయం చెప్పాను. "అమ్మా, ఆ లిస్టు నాకింకా కంఠతా వచ్చు" అంది.

మీటింగ్ అవ్వగానే ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

పెద్దమ్మ